రెండు నౌకరీలు చేసినా జనరల్ వార్డేనా?

"ఆయనకేంటండీ, రెండు పింఛన్లు. కూలీనాలీ జనం గురించి రాయక ఆయన గురించి రాయాలా?"

పోయిన పక్షం మా మీటింగులో ఒక కార్యకర్త అడిగిన మాట ఇది. తప్పుపట్టి మందలించాల్సిన మాట కాదు. మనలో చాలామంది మనసులో ఉన్నదే ఆ కుర్రాడు పైకి అన్నాడు. పల్లెలో ఒకడికి నౌకరీ వస్తే వాడు గట్టెక్కాడనుకుంటాం. మిలిట్రీలో చేసి, మళ్లీ గవర్నమెంటు ఆఫీసులో చేసి రిటైరైతే ఇక చెప్పక్కర్లేదు, వాడి సంగతి వాడు చూసుకుంటాడు అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం, మొన్నమొన్నటి దాకా.

మా పల్లెలోనే ఒక పెద్దాయన ఉన్నాడు. పేరెందుకు, అందరూ మిలిట్రీ బాబాయి అంటారు. పద్దెనిమిదేళ్లకి సిపాయిగా చేరాడు. పదిహేడేళ్లు ఎండల్లో మంచుల్లో తిరిగి 1999లో నాయక్‌గా బయటికొచ్చాడు. రెండేళ్లు ఖాళీగా తిరిగి, మాజీ సైనికుల కోటాలో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అటెండరుగా చేరాడు. ఫైళ్లు మోశాడు, టీలు మోశాడు, పరీక్ష రాసి గుమాస్తా అయ్యాడు. అరవై నిండి దిగిపోయాడు. రెండు సర్వీసులూ కలిపితే ముప్పై తొమ్మిదేళ్లు. ఆఫీసులో దండేసి, శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చారు.

నాలుగు నెలలు తిరక్కుండా గుండె పట్టేసింది. కొడుకు ఆటోలో వేసుకుని టౌనుకి తీసుకెళ్లాడు. అక్కడ కౌంటరు దగ్గర అడిగిన మొదటి మాట "కార్డేది?" అని. ఏ కార్డూ లేదు. ఆరోగ్యశ్రీకి తెల్లకార్డు కావాలి, గవర్నమెంటు పింఛను తీసుకునే ఇంటికి అది ఉండదు. మిలిట్రీ ఆసుపత్రి కార్డు తీసుకోలేదు. ఆఫీసు వాళ్ల కార్డు రిటైరైన రోజుతో చెల్లిపోయింది, కొత్తది రాయించుకోలేదు. "డిపాజిట్ కట్టండి" అన్నారు. మూడు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెచ్చారు. ఆయన బతికాడు. బతికినందుకు ఈరోజుకీ పింఛనులో సగం వడ్డీకి పోతోంది.

మేం పరామర్శకి వెళితే పిన్ని ఒకే మాట అంది: "మిలిట్రీ వాళ్లనడిగితే నువ్వు సివిల్ ఆఫీసులో ఉన్నావుగా అన్నారంట. ఆఫీసోళ్లనడిగితే నువ్వు మిలిట్రీవాడివిగా, అక్కడ చూసుకో అన్నారంట. మీ బాబాయి ఇద్దరి మధ్యా నుంచున్నాడు."

ఇప్పుడు చెప్పండి, ఇది మన పత్రికలో రాయాల్సిన సంగతి అవునా కాదా?

అసలు ఆయనకి హక్కు లేదా? ఉంది. ఒకటి కాదు, రెండు చోట్ల ఉంది. అదే మా కడుపు మంట. హక్కు లేక చచ్చేవాడిది ఒక కథ. రెండు హక్కులుండి అప్పులపాలైనవాడిది ఇంకో కథ. ఈ రెండో కథలో దోషులు ఎవరో చూడాలి.

మాజీ సైనికుల వైద్య పథకం ఇ.సి.హెచ్.ఎస్. 2003 ఏప్రిల్ 1న మొదలైంది. ఆ తేదీ తర్వాత పింఛనుతో దిగినవాళ్లకి అది తప్పనిసరి, చందా వాళ్ల లెక్కలోంచే పట్టుకుంటారు. అంతకుముందు దిగినవాళ్లు తమంతట తామే దరఖాస్తు పెట్టుకుని చేరాలి. మా బాబాయి 1999లో దిగాడు కాబట్టి ఈ రెండో రకం. కబురు చెప్పిన నాథుడు లేడు. సిపాయి నుంచి హవల్దారు దాకా చందా, 2017 డిసెంబరు చివర సవరించిన లెక్క ప్రకారం, జీవితానికి ఒకేసారి 30 వేలు. నాయబ్ సుబేదారు నుంచి సుబేదారు మేజరు దాకా 67 వేలు. ఆఫీసర్లకి లక్షా ఇరవై వేలు. 1996 జనవరి 1కి ముందు దిగినవాళ్లకీ, యుద్ధ వితంతువులకీ చందా లేనే లేదు. వైద్యానికి ఇంత అని పరిమితీ లేదు.

ఇక రెండోది, కేంద్ర ఉద్యోగుల పథకం సి.జి.హెచ్.ఎస్. 1954లో ఢిల్లీలో పుట్టింది. రిటైరైనవాడు పదేళ్ల చందా ఒకేసారి కడితే జీవితాంతం కార్డు. 2017లో పెట్టిన రేట్ల ప్రకారం పే లెవెల్ 1 నుంచి 5 దాకా నెలకి 250, అంటే పదేళ్లకి 30 వేలు. మా బాబాయి ఈ మెట్టులోనే దిగాడు.

గమనించారా? అక్కడా ముప్పై వేలే, ఇక్కడా ముప్పై వేలే. అయితే ఇ.సి.హెచ్.ఎస్.లో ఆయనకి దొరికేది జనరల్ వార్డు. ఎందుకంటే 1999లో నాయక్‌గా దిగాడు. ఆ తర్వాత ఆయన గుమాస్తా అయినా, సూపరింటెండెంటు అయినా, కలెక్టరే అయినా సరే, నాయక్ నాయకే. సి.జి.హెచ్.ఎస్.లో వార్డు చివరి మూల వేతనాన్ని బట్టి ఉంటుంది. 2022 అక్టోబరు ఉత్తర్వు ప్రకారం 36,500 దాకా జనరల్, 50,500 దాకా సెమీ ప్రైవేటు, ఆపైన ప్రైవేటు. మా బాబాయి మూల వేతనం నలభై వేలకి అటూ ఇటూ. అంటే అదే ముప్పై వేలకి సెమీ ప్రైవేటు వార్డు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఆఫీసులో ఎవరికీ నోరు రాలేదు. గోడ గడియారం కొనడానికి మాత్రం అందరి దగ్గరా చందా వసూలైంది.

"మేం ఊళ్లో ఉంటాం, సి.జి.హెచ్.ఎస్. డిస్పెన్సరీ సిటీలో ఉంది, మాకెందుకు పనికొస్తుంది" అనుకుని ఆయన ఆ కాగితం పెట్టలేదట. చూడండి అన్యాయం. డిస్పెన్సరీ లేని చోట ఉండే సివిల్ పింఛనుదారు నెలకి వెయ్యి రూపాయల వైద్య భత్యం తీసుకుంటూ, ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మాత్రం సి.జి.హెచ్.ఎస్. కార్డు వాడుకోవచ్చు. అంటే బీపీ బిళ్లలకి నెలనెలా వెయ్యి, గుండె ఆపరేషనుకి కార్డు. దగ్గరి ఆఫీసుకి ఒకసారి వెళ్లి రాయించుకుంటే చాలు. ఇదంతా కాగితం మీద ఉంది. పల్లెకి రాలేదు.

దీన్ని వాళ్లు "ఆప్షన్" అంటారు. ఎంచుకునే స్వేచ్ఛ అట! రెండు సర్కారీ పథకాల్లో ఒకేసారి ఉండకూడదు కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోమంటారు. ఎంచుకోవాలంటే ముందు రెండూ ఏమిటో తెలియాలి. ఉత్తర్వు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. దాన్ని చదివి చెప్పే మేనమామ సెక్రటేరియట్‌లో ఉన్నవాడికి అది స్వేచ్ఛ. పల్లెలో మొదటి తరం చదువరికి అది గోతిలో కప్పిన గడ్డి.

వార్డుల సంగతి ఇంకొంచెం మాట్లాడుకోవాలి. ర్యాంకు ఎక్కువవాళ్లు నాలుగింతలు కడుతున్నారు కాబట్టి వాళ్లకి గది ఇస్తున్నారు అని వాదిస్తారు. సరే. ఆఫీసరు పింఛనుకీ సిపాయి పింఛనుకీ తేడా ఎంతో లెక్క వేయండి. ఎవరి జేబుకి ఆ చందా బరువో అప్పుడు తెలుస్తుంది. అదీ పక్కన పెడదాం. బంకరులో ఉన్నప్పుడు చలి ర్యాంకు అడిగిందా? పైగా ఎవడు ఏ ర్యాంకులో దిగుతాడన్నది గాల్లోంచి రాలేదు. సైన్యంలో ఎస్సీలకి రిజర్వేషన్ లేదు. ఇంగ్లీషు చదువు, కోచింగు, తాత ముత్తాతల పరిచయాలు ఉన్నవాడు ఆఫీసరుగా మొదలవుతాడు. మన పల్లెల నుంచి పోయినవాళ్లు సిపాయిలుగా చేరి నాయక్ దగ్గరో హవల్దారు దగ్గరో ఆగిపోవడం మేం కళ్లారా చూస్తున్నాం. ట్రేడ్స్‌మన్ పేరుతో అక్కడా చీపురు పట్టినవాళ్లున్నారు. ఆ మెట్టునే తీసుకొచ్చి ముసలితనంలో ఆసుపత్రి మంచానికి కడితే, దాన్ని మేం మిలిట్రీ క్రమశిక్షణ అనం. దాని పేరు మనకి బాగా తెలుసు.

చేయాలంటే చేయలేరా? 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల ఆరోగ్య పథకం పెట్టినప్పుడు చిన్న ఉద్యోగికి కూడా సెమీ ప్రైవేటు వార్డు రాశారు. జనరల్ వార్డన్న మాటే లేదు. ఆ పథకం నడిచిన తీరు మీద మాకు వంద ఫిర్యాదులున్నాయి, అది వేరే సంగతి. కానీ కాగితం మీద అయినా అటెండరుని గదిలో పడుకోబెట్టొచ్చని ఒప్పుకున్నారు కదా. రాష్ట్రం చేయగలిగింది దేశ రక్షణ శాఖ చేయలేదా?

పోలీసు కానిస్టేబుళ్లుగా, టీచర్లుగా, రెవెన్యూలో రాష్ట్ర సర్వీసుకి వచ్చిన మాజీ సైనికులకి చిక్కు ఇంకో రకం. 2004 సెప్టెంబరు 1 తర్వాత రాష్ట్ర సర్వీసులో చేరినవాళ్లకి పాత పింఛను లేదు. వాళ్లకి చచ్చేదాకా నిలిచే పింఛను మిలిట్రీదే. అందుకని వాళ్లు మిలిట్రీ కార్డుని ఏ పరిస్థితిలోనూ పోగొట్టుకోకూడదు. రాష్ట్ర కార్డు ఉందిగా అని దీన్ని గాలికొదిలిన వాళ్లు మా ఎరుకలోనే ఇద్దరున్నారు. బకాయిలు రాలేదని 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసిన సంగతి చూశారుగా. సర్కారు కట్టాల్సిన డబ్బు కట్టకపోతే ఏ కార్డైనా అట్టముక్కే. మిలిట్రీ కార్డుకీ ఆ జబ్బు ఉంది. "బిల్లులు రావడం లేదు, బెడ్లు లేవు" అన్న మాట మన పెద్దలు వినే ఉంటారు.

డెబ్బై దాటినవాళ్లకి మరో హెచ్చరిక. 2024 అక్టోబరు 29న కేంద్రం డెబ్బై ఏళ్లు నిండినవాళ్లందరికీ ఆయుష్మాన్ కార్డు అంది. ఏడాదికి ఐదు లక్షల దాకా వైద్యం. ఏ కార్డూ లేని ముసలి కూలికి అది మేలే, కాదనం. కానీ ఇ.సి.హెచ్.ఎస్.లోనో సి.జి.హెచ్.ఎస్.లోనో ఉన్నవాడు ఏదో ఒకటే ఎంచుకోవాలి, అదీ ఒక్కసారే. ఐదు లక్షలంటే వినడానికి పెద్దగా ఉంటుంది. అది ఆసుపత్రిలో చేరితేనే. నెలనెలా షుగరు మందులివ్వదు. ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌లో మందులిస్తారు, వైద్యానికి పరిమితి లేదు. కొత్త కార్డు మీద ఫొటో బాగుందని పాత కార్డు వదులుకుంటే మళ్లీ వెనక్కి రావడం ఉండదు. క్యాంపు పెట్టి వేలిముద్ర వేయమన్నా, ముందు ఇంట్లో చదువుకున్న పిల్లకి చూపించండి.

1971 యుద్ధం చూసినవాళ్లు ఇంకా మన పల్లెల్లో ఉన్నారు. 1996కి ముందు దిగారు కాబట్టి వాళ్లు రూపాయి చందా కట్టక్కర్లేదు. అయినా చేరనివాళ్లున్నారు. చేరితే నెలకొచ్చే వెయ్యి రూపాయల భత్యం ఆగిపోతుందని భయం. ఆగిపోతుంది, నిజమే. ఏడాదికి పన్నెండు వేలు. తుంటి ఎముక విరిగితే పన్నెండు వేలకి ఆసుపత్రి గడప కూడా ఎక్కనివ్వరు. లెక్క మీరే వేసుకోండి.

ఇక ఆడవాళ్ల సంగతి. మేం చూసిన కేసుల్లో అన్నిటికంటే ఘోరం ఇదే. సిపాయి పెళ్లి చేసుకున్నప్పుడు, పిల్లలు పుట్టినప్పుడు యూనిట్‌లో పార్ట్-2 ఆర్డరు వేయించాలి. అప్పుడే భార్యాబిడ్డల పేర్లు రికార్డులోకి ఎక్కుతాయి. అది వేయించనివాళ్లున్నారు. వేయించినా గుమాస్తా తనకి తోచిన స్పెల్లింగు రాస్తాడు. ఆధార్‌లో ఇంకో పేరు, రేషను కార్డులో మరో పేరు. ఆయన ఉన్నన్నాళ్లూ ఎవరూ అడగరు. ఆయన పోయిన మర్నాటి నుంచి "ఈ పేరుగలావిడ నువ్వేనని రుజువేంటి?" అంటారు. కుటుంబ పింఛనూ ఆగుతుంది, వైద్యం కార్డూ ఆగుతుంది. బతికుండగా అర్జీ పెట్టి పి.పి.ఓ. సవరణ తెప్పించుకుంటే పోయే పని, ఆయన పోయాక ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఆమె మిరపకాయలు కోసుకు బతకాలి. సుబేదారు భార్యలకి ఈ తిప్పలు లేవని మేం అనడం లేదు. కాకపోతే వాళ్లకి రికార్డాఫీసుకి ఫోను చేసేవాళ్లుంటారు.

తల్లిదండ్రుల సంగతీ చాలామందికి తెలీదు. నెల ఆదాయం 9 వేలు, దాని మీద కరువు భత్యం, ఈ పరిమితి లోపల ఉండి కొడుకు మీద ఆధారపడిన తల్లిదండ్రుల్ని ఇ.సి.హెచ్.ఎస్.లో చేర్చొచ్చు. కొడుక్కి పాతికేళ్లు నిండేదాకా, లేదా ఉద్యోగమో పెళ్లో అయ్యేదాకా కార్డు. కూతురికి పెళ్లయ్యేదాకా, లేదా సంపాదన మొదలయ్యేదాకా, వయసు పరిమితి లేదు. వికలాంగుడైన కొడుక్కి జీవితాంతం. ఒక్క కార్డు కింద ఇంతమంది ఉన్నారు. మీటింగులో ఆ కుర్రాడు అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. పింఛనుదారు ఒక్కడు కాదు. ఆ పింఛను వల్లే ఆ ఇంటికి తెల్లకార్డు పోయింది. అంటే కూలీ కుటుంబానికి ఉన్న ఆసరా కూడా వాళ్లకి లేదు. జబ్బు చేస్తే వాళ్లు తిరిగి మూడు రూపాయల వడ్డీ దగ్గరికే పోతారు. ముప్పై తొమ్మిదేళ్లు ఎక్కిన మెట్లు ఒక్క రాత్రిలో దిగిపోతారు.

బాబాసాహెబ్ సైనికుడి ఇంట పుట్టినవాడని గుర్తుచేయాలా? తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు. పుట్టింది మౌ కంటోన్మెంటులో, 1891లో. ఆ తర్వాత బ్రిటిషోళ్లు "యోధ జాతుల" లెక్కలు కట్టి మహర్లని సైన్యంలోకి తీసుకోవడం మానేశారు. మళ్లీ మహర్ రెజిమెంటు వచ్చింది 1941లో. 1942 నుంచి 1946 దాకా ఆయన కార్మిక శాఖ చూశాడు. కార్మికుల ఆరోగ్య బీమా కోసం 1943లో అదార్కర్‌ని నియమించి నివేదిక రాయించింది ఆ శాఖే. 1948 ఇ.ఎస్.ఐ. చట్టానికి ఆ నివేదికే పునాది. జబ్బుపడ్డ పనివాడికి వైద్యం దానం కాదు, హక్కు అన్న మాట ఆ కాలంలోనే కాగితమెక్కింది. మరి ఆయన బొమ్మకి దండేసే మనం ఒక ముసలి సిపాయి పి.పి.ఓ. విప్పి చూడటానికి బద్ధకిస్తే ఎలా?

ఇదంతా పాతవాళ్ల గోల అనుకునే కుర్రాళ్లకి ఒక్క మాట. 2022 జూన్‌లో అగ్నిపథ్ తెచ్చారు. నాలుగేళ్లు పని, నూటికి పాతికమందిని ఉంచుకుని మిగతా వాళ్లని ఇంటికి పంపడం. ఇంటికొచ్చేవాడికి పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఇ.సి.హెచ్.ఎస్. కార్డు లేదు. మా బాబాయికి రెండు హక్కులుండి అందలేదు. వీళ్లకి మొదటి హక్కే కోసేశారు. పల్లెలో తెల్లారకముందే రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేసే పిల్లల్ని చూస్తే మాకు ఈ మాట చెప్పబుద్ధి కాదు, చెప్పక తప్పదు.

మా డిమాండ్లు పెద్దవేమీ కావు. ఇ.సి.హెచ్.ఎస్.లో ర్యాంకు వార్డులు ఎత్తేయాలి. రెండో సర్వీసు నుంచి రిటైరయ్యే ప్రతి మాజీ సైనికుడికీ ఆరు నెలల ముందే, తెలుగులో, రెండు పథకాల వివరం రాతపూర్వకంగా ఇచ్చి సంతకం తీసుకోవాలి. ఇవ్వని ఆఫీసరు జవాబుదారీ కావాలి. నాలుగేళ్ల సైనికుడికీ వైద్యం కార్డు ఇవ్వాలి. వీటి మీద జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ముందు కూర్చోవాల్సి వస్తే కూర్చుందాం.

డిమాండు గెలిచేదాకా ఆగలేం. ఈ పక్షం రోజుల్లో ప్రతి యూనిట్ కార్యకర్త తన పల్లెలో మాజీ సైనికుల ఇళ్లకి, వితంతువుల ఇళ్లకి వెళ్లాలి. పట్టా పాసు పుస్తకాలు ఎలా విప్పి చూశామో, అలాగే డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ., ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. భార్య పేరు మూడింట్లో ఒకటేనా? ఏ కార్డు ఉంది, ఎవరెవరి పేర్లున్నాయి? రెండో నౌకరీ ఎప్పుడు అయిపోతుంది? ఇంకో ముఖ్యమైన మాట ఇంట్లో వాళ్లకి చెప్పిరండి. ఇ.సి.హెచ్.ఎస్. కార్డున్నవాళ్లు ప్రాణం మీదికొస్తే పాలీక్లినిక్ చీటీ కోసం ఆగక్కర్లేదు, పథకంలో ఉన్న ఆసుపత్రికి నేరుగా పోవచ్చు. పథకంలో లేని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే 48 గంటల్లోపు దగ్గరి పాలీక్లినిక్‌కి కబురు చేసి, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరికి చెప్పారో రాసి పెట్టుకోవాలి. ఆ నంబరు గోడ మీద బొగ్గుతో రాసినా సరే.

చూసిన వివరాలు ఊరి పేరుతో సహా తెల్లకాగితం మీద రాసి మాకు పంపండి. పేర్లు అచ్చు వేయం. మా బాబాయి కాగితాలు మేం మొన్న సోమవారం పట్టుకెళ్లాం. పిన్ని పేరులో ఒక అక్షరం తేడా ఉందట. రేపు మళ్లీ వెళుతున్నాం.